పీడీ మేడం, బోరు పాయింటు

మా పీడీ మేడం గురించి ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్లలో, బస్సుల్లో, ఆస్పత్రి వరండాల్లో నేను చెబుతూ వచ్చిన కథల్లో సగం అబద్ధాలు. ఏ సగమో ఆమెకొక్కదానికే తెలుసు. పోయిన మంగళవారం గుంతకల్లులో ఆమె కన్నుమూసింది. కాబట్టి ఇక అన్నీ నిజాలే.

వార్త చెప్పింది షమీమ్. అనంతపురంలో మేం చదివిన ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో బాస్కెట్‌బాల్ జట్టుకు అప్పట్లో కెప్టెను, ఇప్పుడు కొత్తచెరువులో లెక్కల టీచరు.

"పొద్దన్నే ఉగ్గాని తిని, చెయ్యి కడుక్కోని, కుర్చీలో కూచోని పోయిందంట మే," అంది ముక్కు చీదుతూ. "ఎవురికీ ఏ పనీ చెప్పలేదంట."

"అది ఆయమ్మ గుణం కాదే. ఏదో ఒకటి చెప్పే పోయింటాది."

షమీమ్ ఒప్పుకుంది. "మేనకోడలికి చెప్పిందంట. కూచునేది వంకరగా ఉండాది, నడుము సక్కగా పెట్టుకో అని."

ఏడవాల్సిన చోట ఇద్దరం నవ్వాం.

పీడీ అంటే ఫిజికల్ డైరెక్టరు. కాలేజీలో ఆటలు ఆడించే ఉద్యోగం. మిగతా కాలేజీల్లో ఆ ఉద్యోగానికి ఆరడుగుల మగవాళ్లుండేవారు. మా మేడం ఎత్తు నాలుగడుగుల పదకొండు అంగుళాలు. బాస్కెట్‌బాల్ నేర్పే మనిషి ఇంతేనా అని మొదటిరోజు నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. రెండోరోజు నవ్వడానికి ఊపిరి మిగల్లేదు. ముతక నూలు చీర కట్టి, కొంగు నడుముకు బిగించి, కాళ్లకు తెల్ల క్యాన్వాసు బూట్లు వేసేది. ఆ తెలుపు పోకుండా తరగతి గదుల్లో మిగిలిన సుద్దముక్కలు ఏరుకొచ్చి రుద్దేది. తండ్రి గుంతకల్లులో రైల్వే గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఆయన నుంచి ఆమెకు సంక్రమించిన ఆస్తి రెండు జెండాలు, ఒకటి పచ్చది, ఒకటి ఎర్రది. విజిలు ఊదడం ఊపిరి దండగ అనేది. పచ్చజెండా ఊపితే పరుగెత్తాలి. ఎర్రజెండా చూపితే ఎవరు ఎలా ఉంటే అలా బిగుసుకుపోవాలి.

ఒకసారి ఎర్రజెండా చూపించి, ప్రిన్సిపాల్ సారు పిలిచాడని ఆఫీసులోకి పోయి మమ్మల్ని మరిచిపోయింది. ఏడుగురం నలభై నిమిషాలు ఎండలో కొయ్యబొమ్మల్లా నిలబడ్డాం, షమీమ్ ఒంటికాలి మీద. ఒక కాకి వచ్చి షమీమ్ భుజం మీద వాలి, ఇది చెట్టు కాదని తెలుసుకోవడానికి పావుగంట తీసుకుంది. మేడం తిరిగొచ్చి, మా చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "బాగుండాది. డిఫెన్సంటే ఇదే," అన్నదే తప్ప మరిచిపోయానని మాత్రం చచ్చినా ఒప్పుకోలేదు.

మా కోర్టు మట్టిది. కాలేజీ వెనకాల రాళ్లగుట్టగా పడివున్న చోట, ఉద్యోగంలో చేరిన ఏడాదే పిల్లల్ని వెంటేసుకొని రాళ్లు ఏరించి, వంకమట్టి తోలించి, శెనక్కాయల కాలంలో కళ్లం చేసినట్టు నీళ్లు చల్లి, గుండు దొర్లించి, పేడతో అలికించి తయారు చేసిందట. నేను చేరేనాటికి ఆ నేలకు పదకొండేళ్లు. ప్రతి శనివారం కోర్టు అలకాల్సిందే. నీళ్లు లేవు కదా, హాస్టలు మెస్సులో బియ్యం కడిగిన నీళ్లు బకెట్లతో తెచ్చేవాళ్లం. ఆ నీళ్ల మీద వంటమనిషి నాగమ్మ పాలకోసం పెంచుకునే ఎనుముకు అంతకుముందే హక్కుంది. మేడానికీ నాగమ్మకూ మధ్య ఇది రెండేళ్లు నడిచి, చివరికి వార్డెన్ సమక్షంలో ఒక వారం కోర్టుకు, ఒక వారం ఎనుముకు అని తీర్మానమైంది. ఎనుము వంతు వచ్చిన వారం మా కోర్టు మీద దుమ్ము లేచి, ఎదుటి జట్టేదో మన జట్టేదో పాస్ అందినాక గాని తెలిసేది కాదు.

బంతిని నేలకేసి కొడుతూ పరుగెత్తడం బాస్కెట్‌బాల్‌కు ప్రాణమని పుస్తకాల్లో రాస్తారు. మా మేడం దాన్ని నిషేధించింది. ఎంత అలికినా మా నేలమీద కొట్టిన బంతి కొట్టినవాళ్ల చేతికి తిరిగొచ్చేది కాదు. తనకు నచ్చినవాళ్ల దగ్గరికి పోయేది.

"చేతిలో ఉండే బిందె కింద పెట్టి మల్ల ఎత్తుకుంటారామ్మే ఎవురన్నా? పక్కదానికియ్యి," అనేది.

ఆ బిందె మాట ఊరికే అన్నది కాదు. హాస్టలుకు నీళ్లు ట్యాంకరులో వచ్చేవి. ట్యాంకరు వచ్చిందంటే గేటు నుంచి మెట్ల మీదుగా పై అంతస్తు దాకా వరసగా నిలబడి, బిందెలు చేతికి చేయి అందించుకునేవాళ్లం. పక్కకు చూడకుండా, అడుగు కదపకుండా, చుక్క ఒలకకుండా. మేడం అది చూసి చూసి దాన్నే మా ఆటగా మార్చేసింది. జట్టుకు ఎంపిక కూడా ట్యాంకరు దగ్గరే. నేను ఉరవకొండ పక్క పల్లెదాన్ని. చేరిన మొదటి వారంలో పైపు దగ్గర ముగ్గుర్ని మోచేత్తో తోసి నా బకెట్టు పెట్టాను. వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

"ఏ ఊరు మే నీది?"

తిట్లు పడతాయనుకున్నాను. "ఉరవకొండ కాడ, మేడం."

"ఆడ నీళ్లుండాయా?"

"లేవు మేడం."

"తెలస్తానే ఉండాది. రేపు పొద్దన్నే ఐదున్నరకి కోర్టు కాడికి రా."

అలా నేను క్రీడాకారిణినయ్యాను.

ఆషాఢం గాలి సంగతి చెప్పకపోతే మా ఆట సంగతి సగమే చెప్పినట్టు. ఆ నెలలో మా మైదానంలో నిటారుగా నిలబడాలంటే వాలి నిలబడాలి. ఆ గాలికి తగ్గట్టు రింగుకు మూడడుగులు పక్కకు గురిచూసి వేయడం మేడం మాకు నేర్పింది. గాలే బంతిని తీసుకుపోయి రింగులో పెట్టేది. బయటి కాలేజీలవాళ్లు పాపం నేరుగా రింగుకు గురిచూసేవారు. వాళ్ల బంతులు ఇప్పటికీ కూడేరు దాకా యాడో ఒకచోట దొరుకుతుంటాయని అంటారు. అనేది నేనే.

అలాంటి కోర్టు మీదికి నేను చేరిన ఏడే ఒక కొబ్బరికాయ వచ్చింది.

వరసగా రెండో ఏడు కూడా వాన ముఖం చాటేసింది. వారానికి మూడుసార్లు వచ్చే ట్యాంకరు ఒకసారికి దిగింది. కాలేజీలోనే బోరు వేయిద్దామని ప్రిన్సిపాల్ సారు నిర్ణయించి, పాయింటు పెట్టడానికి నీళ్లు చూసే ఓబుళప్ప తాతను పిలిపించాడు. అరచేతిలో పీచుకాయను పడుకోబెట్టుకొని తాత నడుస్తాడు. కింద నీళ్లున్న చోట కాయ లేచి నిలబడుతుంది. ఎలా లేస్తుందని అడగొద్దు. మా జిల్లాలో దేవుణ్ణి నమ్మనివాళ్లు ఉండొచ్చు, కొబ్బరికాయను నమ్మనివాళ్లు ఉండరు.

తాత గేటు దగ్గర మొదలుపెట్టి, పన్నెండెకరాలూ తిరిగి, కోర్టులోకి అడుగుపెట్టాడు. వెనకాల ప్రిన్సిపాల్ సారు, ఆయన వెనకాల ఆఫీసు, ఆఫీసు వెనకాల మేం. సరిగ్గా నడిమధ్య గుండ్రపు గీతలోకి వచ్చేసరికి కాయ లేచి నిలబడింది. రెండు అడుగులు వెనక్కు వేస్తే పడుకుంది. ముందుకు వేస్తే మళ్లీ లేచింది.

"రెండు ఏర్లు కలుస్తాండాయి సామీ ఈడ," అన్నాడు తాత. "మూడొందల అడుగులకు లోపలే నీళ్లు."

మేడం దగ్గరికొచ్చి కాయను కిందనుంచీ పైనుంచీ చూసింది.

"కాయకు కండ్లు బాగుండాయా పెద్దాయనా?"

"మూడుండాయి తల్లీ."

"మూడు కండ్లుండీ నడికోర్టే కనపడిందా దానికి?" అని ప్రిన్సిపాల్ వైపు తిరిగింది. "సార్, కాలేజీకి పన్నెండెకరాలుండాది. ఈ తొంబై అడుగులు ఇడిసిపెట్టి యాడన్నా ఏసుకోండి."

"ఏర్లకు చెప్పండి మేడం, పక్కకు జరగమని," అన్నాడాయన. చెడ్డవాడు కాదు, అలసిపోయినవాడు. "నాలుగొందల మంది పిల్లోళ్లకు నీళ్లు ముఖ్యమా, బంతి ముఖ్యమా?"

మాటలతో కానిచోట మేడం పని మొదలుపెట్టేది. బోరు బండి ఎల్లుండి వస్తుందనగా సాయంత్రం నన్ను స్పోర్ట్స్ రూముకు పిలిచింది.

"నీకు అబద్ధాలు బాగా వస్తాయంట కదా మే."

"ఎవురు చెప్పినారు మేడం?"

"ఎవురో ఎందుకు. మీ ఉరవకొండలో మీ అవ్వ పులికి సంగటి పెట్టిందని హాస్టలంతా చెప్పినావంట. ఉరవకొండలో పులి యాడిది?"

"సంగటి తినే పోయింది మేడం, అందుకే ఇప్పుడు లేదు."

నన్ను ఎగాదిగా చూసింది. "చాలు. పనికొస్తావు. ఆ పెద్దాయన కాడికి పో. ఆ తావులో ముందే ఒక బోరు ఏస్తే దుమ్మే వచ్చిందని చెప్పు. ఒకటే. జాస్తి చెప్పొద్దు."

మరుసటి పొద్దున ఓబుళప్ప తాత కాలేజీ గేటు ఎదుటి టీ బంకు దగ్గర కూర్చొని ఉన్నాడు. పక్కన కూర్చొని మొదలుపెట్టాను. నిజానికి ఒకటే చెబుదామనుకున్నాను. నోరు తెరిచాక నాలుగయ్యాయి.

"తాతా, నీ మంచికే చెప్తాండా. ఆ తావులో నలుగురు ప్రిన్సిపాళ్లు నాలుగు బోర్లు ఏసినారు. నాలుగూ దుమ్మే. మట్టి పూడ్చి, ఎవురికీ కనపడకూడదని పైన బాస్కెట్‌బాల్ కోర్టు ఏసినారు."

తాత గ్లాసు నోటిదాకా తెచ్చి ఆపాడు. "నాలుగా?"

"నాలుగు. పాయింట్లు పెట్టినోళ్ల గతి ఏమైందో తెలుసా? ఒకాయన కాయను చేతిలో పెట్టుకునేదే మానేసి, బళ్లారి బస్టాండులో పగలగొట్టి అమ్ముతాండాడు."

నీళ్లు చూసేవాడికి పేరే తిండి. తాత టీ అంతా తాగి, గ్లాసు బోర్లించి, "పొద్దు మారితే ఏరు జరుగుతాది పాపా. ఇంకొక తూరి చూస్తాలే," అన్నాడు.

ఆ మధ్యాహ్నం కోర్టులో కాయ ఎండకు సొమ్మసిల్లిన ఎనుములా పడుకునే ఉంది. ప్రిన్సిపాల్ సారు కారు పెట్టుకునే రేకుల షెడ్డు దగ్గరికి రాగానే లేచి కూర్చుంది. షెడ్డు పీకేశారు. బోరు బండి వచ్చి ఏడొందల యాభై అడుగులు పొడిచింది. వచ్చింది తెల్లటి రాతిపిండి. సారు కారు, సారు మీసం, ఆఫీసు రిజిస్టర్లు అన్నీ ఒకే రంగయ్యాయి. ఆ సాయంత్రం మేడం మాకు శెనిగిత్తనాలూ బెల్లమూ మామూలు కంటే రెండు పిడికిళ్లు ఎక్కువ పెట్టింది. నాలుగు రోజులు పాటలు కూడా పాడింది. ఆమె పాడితే గూడ్సు బండి కొండెక్కుతున్నట్టు ఉండేది.

ఐదోరోజు ట్యాంకరు నింపే బావే ఎండిపోయింది. వానలు పడేదాకా హాస్టలు మూసేస్తున్నాం, ఎవరి ఊళ్లకు వాళ్లు పోండి అని వార్డెన్ కాగితం అంటించింది.

ఇక్కడ మేడం చేసిన పొరపాటు ఏమిటంటే, కోర్టును గెలిపించడంలో పడి జట్టు ఎక్కడ కాపురముంటుందో మరిచిపోయింది. మా ఏడుగురిలో ఆరుగురం హాస్టలువాళ్లమే. మరునాడు ఐదున్నరకు కోర్టుకు వచ్చింది శారద ఒక్కతే. దాని ఇల్లు టౌనులో. మేడం అలవాటు కొద్దీ పచ్చజెండా ఊపిందట. శారద బంతి పట్టుకొని పరుగెత్తి, సగం దూరం పోయి, పాస్ ఇవ్వడానికి ఎవరూ లేక నిలబడిపోయిందట. ఏం చేయాలో తోచక బంతిని మేడానికే ఇచ్చిందట.

అప్పుడు మేడం హాస్టలుకు వచ్చింది. వరండా నిండా ట్రంకుపెట్టెలు, మూటలు, అమ్మానాయనలు. నేను పెట్టెకు తాడు కడుతున్నాను. షమీమ్ వాళ్ల అమ్మ గుంతకల్లు బస్సు టైము అడుగుతోంది. మేడం ఆమె ఎదుట నిలబడింది.

"వానలు పడినాక పంపిస్తారు కదమ్మా?"

"చూద్దాంలే మేడం. ఇంటికొచ్చిన పిల్లను మల్ల పంపాలంటే వాళ్ల నాయన ఒప్పుకోవద్దూ?" అంది షమీమ్ అమ్మ. మాటలో కోపం లేదు. ఉన్న సంగతి చెప్పింది.

షమీమ్ తల వంచుకొని బూట్లు సంచిలో పెట్టుకుంటోంది. మేడం ఆ బూట్లనే చూసింది. వరండాలో ఉన్న ఒక్కొక్కరి మూటనూ చూసింది. తర్వాత నా మణికట్టు పట్టుకొని, పెట్టె సగం కట్టిన తాడు నా చేతిలో ఉండగానే, ప్రిన్సిపాల్ గదికి లాక్కుపోయింది.

"సార్, బోరు పాయింటు తప్పించింది నేను," అంది.

సారు కళ్లద్దాలు తీసి నన్ను చూశాడు. "ఈ పిల్ల ఎందుకు?"

"ఓబుళప్పకు ఈ పిల్ల అబద్ధం చెప్పింది. నేను చెప్పమన్నా కాబట్టి చెప్పింది. ఒక బోరు చెప్పమంటే నాలుగు చెప్పింది, అదొకటి దాని తప్పు. మిగతాదంతా నాది."

ఇంకా ఆయన మీసంలో రాతిపిండి ఉన్నట్టే నాకు అనిపించింది.

"ఏడొందల యాభై అడుగులు, మేడం," అన్నాడు మెల్లగా.

"తెలుసు సార్. పిల్లోళ్లు బస్సెక్కకముందే నా కోర్టులో ఏయండి. ఆ మూడు కండ్లోడు చూపించిన తావులోనే."

"మల్లా దుమ్మే వస్తే?"

"వస్తే కోర్టు కూడా పోయినట్టు. నేను కూడా రాజీనామా కాగితం ఇచ్చి పోతా."

సారు హాస్టలుకు కబురు పంపాడు, రెండు రోజులు ఆగండని. బోరు బండి మళ్లీ వచ్చింది. నడి గుండ్రంలో గుర్తు పెట్టడానికి డ్రైవరు గడ్డపార ఎత్తితే మేడం ఆపి, తనే పిడికెడు సున్నం తెచ్చి, ఫ్రీ త్రో గీత గీసినంత శ్రద్ధగా గుర్తు పోసింది. "ఈడ పొడువు నాయనా," అని పక్కకు జరిగింది.

రెండొందల తొంభై అడుగుల దగ్గర నీళ్లు ఎగిశాయి. రింగు ఎత్తు దాటి పోయాయి. ఒక పాయ రింగులోంచి దిగిందని, అది రెండు పాయింట్ల కింద లెక్కని నేను చెబుతుంటాను. అరిచేవాళ్లు అరుస్తున్నారు, తడిసేవాళ్లు తడుస్తున్నారు. ప్రిన్సిపాల్ సారు చేతులు కట్టుకొని చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. పదకొండేళ్లు అలికిన నేల బురదై, గీతలన్నీ కొట్టుకొని పోతుంటే మేడం అంచున నిలబడి చూసింది. దోసిలి పట్టి ఒక గుటక తాగింది.

"ఎట్లుండాయి మేడం?" అన్నాడు బోరు బండి డ్రైవరు.

"తియ్యగానే ఉండాయి," అంది, ఆ నీళ్లు చేదుగా ఉంటే బాగుండునన్నట్టు.

ఊళ్లకు పోవలసిన పెట్టెలు మళ్లీ గదుల్లోకి పోయాయి. షమీమ్ బూట్లు బయటికొచ్చాయి. పదిరోజుల్లో నేలను మళ్లీ చదును చేసి అలికాం. ఈసారి నీళ్లకు నాగమ్మ ఎనుముతో పంచాయితీ లేదు. కాని కోర్టు నడిమధ్య మోకాలెత్తు ఇనుప పైపు లేచి ఉంది. రింగు స్తంభానికి మోటారు స్టార్టరు పెట్టె వేలాడుతోంది. మేడం పైపు మీద చేయి వేసి మాకు పరిచయం చేసింది.

"ఈమె మీ ఎనిమిదో ప్లేయరు. కదలదు, మాట్లాడదు, కడుపునొప్పి అని లీవడగదు. మీ అందరికంటే బాగా డిఫెన్సు ఆడతాది. ఈమెను చూసి నేర్చుకోండి."

కాని ప్రిన్సిపాల్ సారు ఆలోచన వేరే. పైపు చుట్టూ పెద్ద తొట్టి, బట్టలుతికే బండలు కట్టించడానికి మేస్త్రీకి చెప్పేశాడు. కరెంటు సంగతి తెలిసిందే కదా. మోటారు తిరగాలంటే మూడు ఫేజులూ రావాలి, అవి వచ్చినప్పుడే వస్తాయి, పోయినప్పుడే పోతాయి. వచ్చినప్పుడు నింపుకోవడానికి తొట్టి ఉండాల్సిందే.

"తొట్టి గోడవారన కట్టండి సార్. ఆడికి భూమిలో పైపు పూడ్చుకుందాం, గాడి మేమే తవ్వుతాం," అంది మేడం.

"నడిమధ్యలో బోరు పెట్టుకోని ఇంకా కోర్టేంది మేడం? ఇది నీళ్ల తావు."

"కోర్టే సార్."

"ఎవురన్నారు?"

"నేనంటాండా."

సారు బల్లమీద వేళ్లతో కాసేపు వాయించాడు. "మీరంటే చాలదు. బయటి జట్టొకటి వచ్చి, ఈ పైపు ఉండంగానే ఒక మ్యాచి మొదట్నించి కడాకు ఆడి, ఇది ఆడదగిన కోర్టేనని రిఫరీ సంతకం పెట్టనీ. తొట్టి గోడవారకు పోతాది. మ్యాచి నడుమ ఆగిపోతే మాత్రం సోమవారం మేస్త్రీ వస్తాడు."

మేడం గుంతకల్లుకు ఉత్తరం రాసింది. తనతో ఒకప్పుడు ఆడిన ఆమె అక్కడ రైల్వే ఆడవాళ్ల జట్టు నడిపేది. ఆదివారం మధ్యాహ్నం బండికి వాళ్లు దిగారు. తొమ్మిదిమంది, ఒక్కొక్కరూ మా మేడాన్ని ఒకటిన్నర సార్లు నిలబెట్టినంత ఎత్తు. అందరికీ సోమవారం పొద్దున డ్యూటీ. సాయంత్రం ఆరు గంటల బండికి ఎక్కాల్సిందే. రిఫరీదీ అదే బండి.

హాస్టలంతా గీతల బయట చేరింది. ప్రిన్సిపాల్ సారు కుర్చీ వేయించుకొని కూర్చున్నాడు. మ్యాచి మొదలవగానే వాళ్లు బంతిని దర్జాగా నేలకేసి కొట్టారు. బంతి శారద దగ్గరికి పోయింది. మళ్లీ కొట్టారు, మళ్లీ శారదే. మూడోసారి వాళ్ల కెప్టెను బంతికేసి అనుమానంగా చూసింది. మేం బిందెలు అందించినట్టు అందించుకుంటూ పోయాం. వాళ్లలో అందరికంటే పొడుగాటి అమ్మాయి వెనక్కు పరుగెత్తి పైపు మీద కూలబడింది. లేచి, "ఇదేంది?" అంది.

"మా డిఫెండరు," అంది షమీమ్. "ఫౌల్ నీదే."

అయినా వాళ్లు వాళ్లే. ఎత్తున్నవాళ్లకు రింగు దగ్గర. సగం ఆటకు సమానంగా ఉన్నాం. తర్వాత వాళ్లు నాలుగు పాయింట్లు ముందుకు పోయారు, మేం రెండు లాక్కున్నాం. గడియారంలో ఐదూ పది. ఇంకా ఎనిమిది నిమిషాల ఆట. ఆపకుండా ఆడితే మ్యాచీ అవుతుంది, సంతకమూ పడుతుంది, వాళ్లకు బండీ దొరుకుతుంది. మేడం నుదుటి మీద చెమట తుడుచుకోవడం కూడా మానేసి చూస్తోంది.

అప్పుడు స్టార్టరు పెట్టె మీద మూడు లైట్లూ వెలిగాయి.

ఆ పొద్దు తెల్లవారుజాము నుంచి కరెంటు లేదు. హాస్టల్లో తాగడానికి చెంబు నీళ్లు లేవు. గీతల బయట నిలబడ్డ నాలుగొందల మందీ ఆ లైట్లను చూశారు. ఒక్కరూ కదల్లేదు. ఆ మ్యాచి ఎందుకో వాళ్లందరికీ తెలుసు. బకెట్లు కాళ్ల వెనక దాచుకున్నవాళ్లు కూడా ఉన్నారు. మూడు ఫేజులు ఎంతసేపుంటాయో మాత్రం ఎవరికీ తెలియదు, పావుగంటలో పోయినా పోతాయి. ప్రిన్సిపాల్ సారు లైట్ల వైపు చూసి, మేడం వైపు చూశాడు.

మేడం కోర్టులోకి నడిచి వచ్చింది. బంతి నా చేతిలో ఉంది. తీసుకొని చంకలో పెట్టుకుంది. స్తంభం దగ్గరికి పోయి స్టార్టరు బటను తనే నొక్కింది. పైపు ఒకసారి గురక పెట్టి, దగ్గి, నడికోర్టులో నీళ్లు కక్కింది.

"ఏం చూస్తాండారు? బకెట్లు తెచ్చుకోండి. తొక్కులాడొద్దు, వరస కట్టండి," అంది.

వరస కోర్టు దాటి హాస్టలు మెట్ల దాకా పోయింది. మేమూ అందులోనే నిలబడ్డాం, బిందెలు అందిస్తూ. గుంతకల్లు పొడుగాటి అమ్మాయి కాసేపు చూసి, ఖాళీగా నిలబడలేక మా మధ్యకొచ్చింది. ఆమె చేతికి బిందె ఇస్తే నేరుగా పై అంతస్తు వరండాలోనే పెట్టేది, మెట్లతో పని లేకుండా.

ఐదున్నర అయింది. ఐదూ ముప్పావు అయింది. రిఫరీ చేతిగడియారం చూసుకుంటూ మేడం దగ్గరికి వచ్చాడు.

"మేడం, ఇప్పుడు ఆపితే ఎనిమిది నిమిషాలు ఆడించి స్టేషనుకు పరిగెత్తొచ్చు. ఇంకా ఆలీసమైతే ఈ మ్యాచి లేనట్టే."

మేడం బంతిని అలాగే చంకలో పెట్టుకొని వరస వైపే చూస్తోంది. "కరెంటు పోతే వీళ్లకు నీళ్లు లేనట్టే సార్," అంది.

రిఫరీ గుంతకల్లు కెప్టెను వైపు చూశాడు. ఆమె తన జట్టువైపు చూసింది. తొమ్మిదిమందిలో ఆరుగురు వరసలో ఉన్నారు, ముగ్గురు దోసిళ్లతో ముఖం కడుక్కుంటున్నారు. ఆమె గట్టు మీద కూర్చొని బూట్ల తాళ్లు వదులు చేసుకుంది.

స్టేషను మాకు ఎంతో దూరం కాదు. ఆరు గంటలకు బండి కూత విన్నాం. చక్రాల చప్పుడు మెల్లగా మొదలై, గుంతకల్లు వైపు పోయి, వినపడకుండా అయింది. ప్రిన్సిపాల్ సారు కుర్చీలోంచి లేచాడు. కుర్చీ ఎత్తుకొని తనే మోసుకొచ్చి రిఫరీ వెనకాల వేశాడు.

"కూచోండి సార్, ఎనిమిది నిమిషాల ఆట మిగిలుండాది," అన్నాడు.

రిఫరీ కూర్చోలేదు. "మేడం, బండి పోయింది," అన్నాడు.

"పోనీ సార్," అంది మేడం వరస మీదనుంచి చూపు తిప్పకుండా. "ఇంకా నాలుగు బకెట్లుండాయి."